కోడలి ముత్తాత ఏ ఊరివాడు? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

వంశవృక్షం ఎలా రాసుకోవాలో ఈ శీర్షికలో చెప్పినప్పటి నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఈసారి నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చిన వాటిలో యూదుల ఇంటిపేర్ల గురించి అడిగినవి ఎక్కువ. పిల్లలు అమెరికాలో, జర్మనీలో ఉంటున్నారు, అక్కడే పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు, కాబట్టి ఇలాంటి ప్రశ్నలు రావడంలో వింతేమీ లేదు. మొదటి ఉత్తరానికి జవాబు చాలా పొడవుగా వచ్చింది. దాన్ని కుదించలేదు, ఎందుకంటే మిగతా వాళ్ళు అడిగిన వాటిలో సగం దానిలోనే తేలిపోతాయి.

ప్రశ్న: మాది నెల్లూరు. టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాను. మా అబ్బాయి న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తూ అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. కోడలు యూదుల అమ్మాయి, చాలా మంచి పిల్ల. ఇప్పుడు మనవడు పుట్టాడు. మా మామగారు రాసిపెట్టిన నోటుబుక్కులో మా వైపు ఏడు తరాల పేర్లు ఉన్నాయి. వాడి తల్లి వైపు కూడా రాసి, రెండూ కలిపి ఒక చార్టు చేసి మొదటి పుట్టినరోజుకి ఇవ్వాలని నా కోరిక. కోడలి పుట్టింటి పేరు హాల్పెర్న్. మా వియ్యంకుడు చెప్పింది ఇంతే: ఆయన తాత 1905లో ఆస్ట్రియా నుంచి ఓడలో న్యూయార్క్ వచ్చాడట, అసలు ఇంటిపేరు వేరేనట, అక్కడి రేవులో వలస వచ్చినవాళ్ళను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో ఆఫీసర్ మార్చి రాశాడట. ఊరి పేరు ఎవరికీ తెలియదు. ఇంటర్నెట్‌లో హాల్పెర్న్ అని కొడితే వేలమంది వస్తున్నారు, టెన్షన్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అమ్మా, ముందు ఇంటిపేరు పక్కన పెట్టండి. మీకు కావాల్సింది ఊరు. ఊరు తెలిస్తే ఇంటిపేరు తప్పుగా రాసి ఉన్నా మనిషి దొరుకుతాడు, ఊరు తెలియకపోతే ఇంటిపేరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నా దొరకడు. ఈ పనిలో దిగిన చాలామంది ఏళ్ళ తరబడి ఇంటిపేరు పట్టుకుని తిరిగి, చివరికి ఎవరో పరాయి కుటుంబాన్ని తమ చార్టులో అతికించుకుంటారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

హాల్పెర్న్ అనే పేరు జర్మనీలో నెకార్ నది ఒడ్డునున్న హైల్‌బ్రాన్ అనే ఊరి నుంచి వచ్చింది. మన దగ్గర పొదిలి, కందుకూరి, అద్దంకి అన్న ఇంటిపేర్లు ఎలా వచ్చాయో ఇదీ అంతే. ఊళ్ళో ఉన్నంతకాలం ఎవరినీ ఊరి పేరుతో పిలవరు, ఊరు వదిలి వేరేచోట స్థిరపడ్డాకే ఆ పేరు వస్తుంది. పొదిలివారంతా ఒక్క కుటుంబం కానట్టే హాల్పెర్న్‌లు అందరూ ఒక్క కుటుంబం కారు. పైగా ఆ పేరు హైల్పెర్న్, హాల్పెరిన్, అల్పెర్న్ అని రకరకాలుగా కనిపిస్తుంది. రష్యన్ భాషలో హ అక్షరం లేదు కాబట్టి రష్యా రికార్డుల్లో గాల్పెరిన్ అని కూడా ఉంటుంది. ఇది పాత పేరు, ఈ పేరుతో పేరున్న రబ్బీలు, అంటే యూదుల మతగురువులు, చాలామంది ఉన్నారు. అందుకని ఎవరైనా మీకు ఫలానా మహాపండితుడి దాకా వంశవృక్షం చూపిస్తే, మధ్యలో ప్రతి తరానికీ కాగితం అడగండి, కాగితం లేకపోతే చార్టులో ఎక్కించకండి.

ఇంకో సంగతి. యూరప్ యూదుల్లో ఎక్కువమందికి 18వ శతాబ్దం చివరిదాకా తరతరాలుగా వచ్చే ఇంటిపేరే లేదు. యిత్సాక్ కొడుకు యాకోవ్, యాకోవ్ కొడుకు మోషే, అలా తండ్రి పేరుతోనే నడిచింది. ప్రభుత్వాలు పన్నుల కోసం, సైన్యంలో చేర్చుకోవడం కోసం స్థిరమైన ఇంటిపేరు ఉండాలని చట్టాలు చేశాయి. ఆస్ట్రియా చక్రవర్తి రెండో జోసెఫ్ 1787 జూలై 23న ఆజ్ఞ ఇచ్చాడు, 1788 జనవరి 1 నుంచి అమలు. రష్యా సామ్రాజ్యంలో 1804, ఫ్రాన్స్‌లో నెపోలియన్ ఆజ్ఞతో 1808, ప్రష్యాలో 1812. కాబట్టి ఆస్ట్రియా వైపు 1787కి ముందు హాల్పెర్న్ అని వెతికితే చాలా కుటుంబాలకు ఏమీ దొరకదు. మీ చార్టులో వాళ్ళవైపు ఐదారు తరాలు వచ్చినా గొప్పే. మనవైపు ఏడు ఉన్నాయని వాళ్ళకీ ఏడు రావాలని పట్టుపట్టకండి.

ఇక ఎల్లిస్ ఐలాండ్ కథ. ఇది అమెరికాలో లక్షల ఇళ్ళల్లో చెప్పుకునే కథ. వియ్యంకుడి మనసు నొప్పించకుండా చెప్పండి గానీ, అలా జరగలేదు. అక్కడి ఇన్‌స్పెక్టర్ల చేతిలో ఉండేది ఓడ బయల్దేరిన రేవులో కంపెనీ గుమాస్తాలు రాసిన ప్రయాణికుల జాబితా. ఇన్‌స్పెక్టర్ దాన్ని చూసి ప్రశ్నలు అడిగేవాడు, పేర్లు కొత్తగా రాసేవాడు కాదు. భాష అర్థం కాక తప్పు రాశారు అనడానికి కూడా లేదు, అక్కడ చాలా భాషల దుబాసీలు ఉండేవాళ్ళు. పేర్లు మారిన మాట నిజమే, కానీ మార్చుకున్నది ఎక్కువగా వాళ్ళే, ఉద్యోగం కోసమో, పిల్లల బడి కోసమో, పౌరసత్వం తీసుకునేటప్పుడో. కాబట్టి ఓడ జాబితాలో ఆయన పాత పేరుతోనే ఉండి ఉంటాడు. మీ వియ్యంకుడు అసలు పేరు వేరే అన్నది కొట్టిపారేయడానికి లేదు, దానికి వేరే కారణం ఉండొచ్చు. అది కింద చెప్తాను, ఈ మొత్తం వ్యవహారంలో గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది అదే.

ముందు ఊరు. దాని కోసం యూరప్ వెళ్ళక్కర్లేదు, అమెరికా కాగితాల్లోనే ఉంటుంది. అన్నిటికంటే మేలైనది పౌరసత్వం దరఖాస్తు. 1906 సెప్టెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఆ దరఖాస్తులో పుట్టిన ఊరు, తేదీ, వచ్చిన ఓడ, దిగిన రోజు రాయాలి. ఐదేళ్ళు అక్కడ ఉంటేనే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆయన 1905లో వచ్చాడు కాబట్టి 1910కి ముందు పెట్టి ఉండడు, అంటే కొత్త ఫారమే రాసి ఉంటాడు. ఇది మీకు పెద్ద అదృష్టం. ఓడ జాబితాలో పుట్టిన ఊరు, స్వదేశంలో దగ్గరి బంధువు పేరు, చిరునామా అడగడం మొదలైంది 1906, 1907లలో, అది ఆయన వచ్చేశాక. కానీ ఆయన వెనక భార్యో, తమ్ముడో, చెల్లెలో 1907 తర్వాత వచ్చి ఉంటే వాళ్ళ జాబితాలో అన్నీ ఉంటాయి. కాబట్టి ఆయన ఒక్కడినే వెతక్కుండా తోబుట్టువులను కూడా వెతకండి. హాంబర్గ్ రేవు నుంచి బయల్దేరి ఉంటే అక్కడి జాబితాలు 1850 నుంచి 1934 వరకు ఉన్నాయి. బ్రెమెన్ నుంచి వచ్చి ఉంటే ఆ కాలపు రేవు జాబితాలు నాశనమైపోయాయి, ఆశ పెట్టుకోకండి.

1917, 18లలో, మళ్ళీ 1942లో అమెరికాలో మగవాళ్ళ పేర్లు సైన్యం కోసం నమోదు చేశారు. 1942లో నలభై ఐదు నుంచి అరవై నాలుగేళ్ళ వాళ్ళవి కూడా రాసుకున్నారు, ఆ కార్డులో పుట్టిన చోటు ఉంటుంది. 1936 తర్వాత కూడా ఉద్యోగంలో ఉంటే సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను) దరఖాస్తులో తల్లి పుట్టింటి పేరుతో సహా తల్లిదండ్రుల పేర్లు దొరుకుతాయి.

సమాధిని మాత్రం మర్చిపోకండి. మీ అబ్బాయికి చెప్పి వెళ్ళి ఫోటో తీయించండి. సమాధి రాయి మీద హీబ్రూలో ఫలానావాడి కొడుకు ఫలానా అని ఉంటుంది, అంటే ఒక్క రాయితో ఇంకో తరం పైకి వెళ్తారు. రెండు చేతులు విప్పి దీవిస్తున్నట్టు చెక్కి ఉంటే కోహెన్, అంటే పురోహితుల వంశం. నీళ్ళ చెంబు చెక్కి ఉంటే లేవీయుడు, అంటే ఆలయ సేవకుల వంశం. మన గోత్రంలాగే ఇది తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది, కాబట్టి ఇద్దరు హాల్పెర్న్‌లలో ఒకరు కోహెన్, ఇంకొకరు కాదు అని తేలితే తండ్రుల వైపు నుంచి వాళ్ళకు సంబంధం లేదనుకోవచ్చు. ఇంకో విషయం చూడాలి, ఆ సమాధి ఎవరి స్థలంలో ఉందో. అప్పట్లో ఒకే ఊరి నుంచి వచ్చిన యూదులు న్యూయార్క్‌లో సంఘాలు పెట్టుకుని, శ్మశానాల్లో తమ ఊరివాళ్ళ కోసం స్థలం కొనేవాళ్ళు. గేటు మీదే సంఘం పేరు, ఊరి పేరు ఉంటాయి. అక్కడ ఆయన్ని పాతిపెట్టారంటే ఊరు దొరికినట్టే అనుకోవచ్చు.

ఆస్ట్రియా అన్నారని వియన్నాలో వెతకడం మొదలుపెట్టకండి. 1918కి ముందు అమెరికా వచ్చిన యూదుడు ఆస్ట్రియా అన్నాడంటే చాలావరకు గాలిసియా అని అర్థం, ఇప్పుడు అది పోలండ్ దక్షిణ భాగం, ఉక్రెయిన్ పడమటి భాగం. ఊళ్ళకు మూడేసి నాలుగేసి పేర్లు. అక్కడి పెద్ద నగరం లెంబెర్గ్, పోలిష్‌లో ల్వూఫ్, రష్యన్‌లో ల్వోవ్, ఇప్పుడు లివీవ్. ఆయన పుట్టినప్పుడు ఆస్ట్రియా, తర్వాత పోలండ్, తర్వాత సోవియట్ యూనియన్, ఇవాళ ఉక్రెయిన్. దరఖాస్తులో గుమాస్తా విన్నట్టు రాసిన ఊరి పేరును పాత పటంలో పెట్టి సరిచూసుకోవాలి, ఒకే పేరుతో రెండు మూడు ఊళ్ళు ఉంటే జిల్లా పేరు కూడా పట్టుకోవాలి.

ఇప్పుడు ఇంటిపేరు ఎందుకు వేరేగా ఉండొచ్చో చెప్తాను. గాలిసియాలో యూదులు రబ్బీ ఎదుట, పందిరి కింద తమ ధర్మం ప్రకారం పెళ్ళి చేసుకునేవాళ్ళు. కానీ ప్రభుత్వం ఆ పెళ్ళిని లెక్కలోకి తీసుకోవాలంటే వేరే అనుమతులు, ఫీజులు, రిజిస్ట్రేషన్ ఉండేవి. చాలామంది ఆ గొడవ మాకెందుకని వదిలేశారు. దాంతో ప్రభుత్వం దృష్టిలో ఆ పిల్లలు పెళ్ళి కాని తల్లికి పుట్టినవాళ్ళు, రిజిస్టర్‌లో తల్లి పుట్టింటి పేరు పడేది. ఊళ్ళో, ఇంట్లో, ప్రార్థనామందిరంలో అతను హాల్పెర్న్, సర్కారు కాగితంలో మాత్రం అమ్మ ఇంటిపేరు. కొన్ని చోట్ల రెండు పేర్లూ రాసి మధ్యలో రెక్టే, ఫాల్సే, వెల్ అనే లాటిన్ మాటలు పెడతారు: సరైన పేరు ఇది, తప్పుగా వాడుతున్నది అది, లేదా అది అని. కాబట్టి పుట్టుక రిజిస్టర్‌లో అక్రమ సంతానం అని కనబడితే కంగారుపడొద్దు, వియ్యంకుడికి కూడా ముందే ఈ సంగతి చెప్పండి. ఆ తల్లి తప్పు చేసిన మనిషి కాదు, పెద్దల ఎదుట పెళ్ళి చేసుకున్న ఇల్లాలు. ఆ ముద్ర వేసింది ప్రభుత్వ నిబంధన. నాకు ఈ రిజిస్టర్లు చదివినప్పుడల్లా ఆ గడి దగ్గర కోపం వస్తుంది.

1877 తర్వాతి గాలిసియా రిజిస్టర్లు వివరంగా ఉంటాయి. పుట్టిన తేదీ, ఇంటి నంబరు, తండ్రి, తల్లి, చాలాసార్లు తల్లి తండ్రి పేరు, ఆయన ఊరు, మంత్రసాని పేరు, సున్తీ చేసిన వాడి పేరు వరకు రాసేవాళ్ళు. వీటిలో ఇంటి నంబరును అస్సలు వదలకండి. పేర్లు మారినా ఇల్లు మారదు. 48 నంబరు ఇంట్లో ఒక బిడ్డ తండ్రి పేరుతో, ఇంకో బిడ్డ తల్లి పేరుతో రాసి ఉంటే, తల్లిదండ్రుల పేర్లు కలిస్తే, వాళ్ళు ఒక కడుపున పుట్టిన పిల్లలే అని తేలుతుంది.

తూర్పు గాలిసియా యూదుల రిజిస్టర్లు చాలావరకు వార్సాలో ఏజీఏడీ అనే పాత దస్తావేజుల ఆర్కైవ్‌లో, మిగతావి లివీవ్‌లోని చారిత్రక ఆర్కైవ్‌లో ఉన్నాయి. పడమటి గాలిసియావి క్రాకోవ్, ప్షెమిషిల్ లాంటి పోలండ్ ఆర్కైవ్‌లలో ఉన్నాయి. పోలండ్‌లో పుట్టుకల రికార్డులు నూరేళ్ళు, పెళ్ళి, మరణాలవి ఎనభై ఏళ్ళు దాటితే అందరికీ తెరుస్తారు, మీకు కావాల్సినవి ఎప్పుడో తెరుచుకున్నాయి. చాలా వాటి స్కాన్లు ఉచితంగా చూడొచ్చు. సూచికల కోసం జ్యూయిష్‌జెన్, జేఆర్‌ఐ-పోలండ్, గెషర్ గాలిసియా అనే వెబ్‌సైట్లు ఉన్నాయి, వీటిని నడిపేది ఎక్కువగా స్వచ్ఛందంగా పనిచేసే మనుషులే. మార్మన్ చర్చి వాళ్ళ ఫ్యామిలీసెర్చ్‌లో కూడా ఫిల్ములు ఉన్నాయి.

అక్కడ వెతికేటప్పుడు డైచ్-మొకొటాఫ్ పద్ధతి ఎంచుకోండి. 1985లో తయారైన ఈ పద్ధతి స్పెల్లింగు పట్టించుకోదు, శబ్దాన్ని ఆరు అంకెలుగా మారుస్తుంది. మొదట్లో వచ్చే హ కి, గ కి రెండిటికీ 5, ల కి 8, ప కి 7, ర కి 9, న కి 6. హాల్పెర్న్ అన్నా, హైల్పెర్న్ అన్నా, గాల్పెరిన్ అన్నా అన్నీ 587960 కిందకే వస్తాయి. అల్పెర్న్ మాత్రం అచ్చుతో మొదలవుతుంది కాబట్టి 087960, దాన్ని విడిగా వెతకాలి.

పేర్లు పెట్టే ఆచారం కూడా మీకు సాయపడుతుంది. మనం తాత పేరు మనవడికి పెట్టుకుంటాం, తాత బతికి ఉన్నా పెడతాం. తూర్పు యూరప్ యూదులు చనిపోయినవాళ్ళ పేరే పెడతారు, బతికున్నవాళ్ళది పెట్టరు. అందువల్ల 1883లో పుట్టిన పిల్లవాడికి మోషే అని పెట్టి, తాత పేరు కూడా మోషే అయితే, తాత 1883కి ముందే పోయి ఉంటాడని లెక్క వేసుకుని మరణాల రిజిస్టర్‌లో వెనక్కి వెతకొచ్చు. మీ మనవడికి కూడా ఎవరి పేరు కలిసి వచ్చిందో కోడల్ని అడిగి చూడండి, ఇంకో పేరు దొరికినా దొరుకుతుంది.

చివరగా ఒక మాట, మీరు పెద్దవారు కాబట్టి మీకే చెప్తున్నాను. 1905లో ఆయన వచ్చేశాడు. వెనక ఉండిపోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు ఉండి ఉంటారు. 1942 మార్చి నుంచి నాజీలు గాలిసియా యూదులను బెల్‌జెత్స్ అనే చోటికి రైళ్ళలో తీసుకెళ్ళి చంపారు. జెరూసలేంలోని యాద్ వషేమ్ సంస్థ దగ్గర చనిపోయినవారి బంధువులు, తెలిసినవాళ్ళు నింపి ఇచ్చిన సాక్ష్య పత్రాలు ఉన్నాయి, తల్లిదండ్రులు, భార్యాభర్తల పేర్లతో. ఊరు తెలిశాక అక్కడ వెతికితే ఆ కొమ్మ బయటపడొచ్చు. పుట్టినరోజు చార్టులో అది ఎలా రాయాలి, అసలు రాయాలా అన్నది మీరు నిర్ణయించకండి. దొరికిన కాగితం ముందు మీ వియ్యంకుడికి ఫోన్ చేసి చెప్పండి, ఆయన ఎలా అంటే అలా చేయండి.

ప్రశ్న: మాది ఒంగోలు. ప్రార్థన కొండ మీద ప్రార్థన చేసిన జ్యూయెట్ దొర పేరులోనే జ్యూ అని ఉంది కదా, ఆయన యూదుడా? మా తాత యాకోబు, ముత్తాత ఇశ్రాయేలు. గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదులు ఉన్నారని విన్నాను. మాకూ యూదుల మూలం ఉందేమో యూరప్ రికార్డుల్లో చూడొచ్చా?

జవాబు: కాదండీ. లైమన్ జ్యూయెట్ అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ, 1849లో నెల్లూరు వచ్చారు, 1854 జనవరి 1న ఒంగోలు కొండ మీద ప్రార్థన చేశారు. ఆ ఇంటిపేరు ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన క్రైస్తవ కుటుంబాలది. అక్షరాలు కలిసినంత మాత్రాన వంశం కలవదు. అలాగే జర్మన్ పేరు వినబడగానే యూదుడు అనుకోవడం కూడా తప్పు. రోసెన్‌బెర్గ్ అంటే చాలామంది యూదుల పేరు అంటారు, కానీ హిట్లర్ పార్టీకి సిద్ధాంతం రాసిన ఆల్‌ఫ్రెడ్ రోసెన్‌బెర్గ్‌ది అదే పేరు, ఆయన యూదుడు కాదు, యూదుల మీద విషం కక్కినవాడు, 1946లో నూరెంబర్గ్‌లో ఉరితీశారు. మన వైపే నాయుడుపేట, గూడూరు, సూళ్ళూరుపేట ప్రాంతాల్లో 1860ల నుంచి జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ లూథరన్ మిషన్ వాళ్ళు పనిచేశారు. అక్కడి పాత సమాధుల మీద జర్మన్ పేర్లు కనిపిస్తే ముందు వాళ్ళవేమో చూడాలి.

యాకోబు, ఇశ్రాయేలు, దావీదు అనేవి మన ప్రాంతంలో బైబిల్ చదివి పెట్టుకున్న పేర్లు. ప్రకాశం జిల్లాలో ఏ ఊరికి వెళ్ళినా ఉంటాయి. ఇంగ్లండ్, అమెరికా ప్రొటెస్టెంట్లు కూడా పాత నిబంధన పేర్లు విరివిగా పెట్టుకున్నారు, అబ్రహాం లింకన్ పేరు అలాంటిదే. కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు కుటుంబాలు యూదు ధర్మాన్ని పాటిస్తున్న మాట నిజం, 1990ల నుంచి వాళ్ళకు ప్రార్థనామందిరం ఉంది. వాళ్ళ నమ్మకాన్ని నేను గౌరవిస్తాను. కానీ వాళ్ళు చెప్పుకునేది ప్రాచీన ఇశ్రాయేలు గోత్రాల నుంచి వచ్చిన పరంపర, దానికి పోలండ్, జర్మనీ రిజిస్టర్లతో సంబంధం లేదు. అవి అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ లెక్కలు. మీ తాతగారి గురించి తెలియాలంటే మీ సంఘం పాత బాప్తిస్మ రిజిస్టరు, ఆయన చదివిన బడి అడ్మిషన్ రిజిస్టరు, గ్రామంలో అడంగళ్ళు చూడండి. పొలం ఇనాంగా వచ్చిన కుటుంబమైతే 1860ల నాటి ఇనాం ఫెయిర్ రిజిస్టర్‌లో అప్పటి అనుభవదారు పేరు దొరుకుతుంది. ఆ పేర్లు మన ఊళ్ళోనే ఉన్నాయి, అడిగేవాళ్ళు లేక అలా పడి ఉన్నాయి. ముందు వాటిని చూడమని మనసారా కోరుతున్నాను.

ప్రశ్న: మాది కావలి, ఇప్పుడు బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను అద్దెకు ఉంటున్న బిల్డింగ్ ముందు ఫుట్‌పాత్‌లో మూడు ఇత్తడి పలకలు ఉన్నాయి. ఇక్కడ ఉండేవారు అని పేర్లు, పుట్టిన సంవత్సరం, 1942లో తీసుకెళ్ళారని ఉంది. రోజూ వాటిని దాటుకుంటూ వెళ్ళాలంటే ఏదోలా ఉంది. వాళ్ళెవరో తెలుసుకోవచ్చా? నేను చుట్టాన్ని కాదు కదా, అడిగే హక్కు ఉందా?

జవాబు: బాబూ, తప్పకుండా తెలుసుకోవచ్చు. హక్కు గురించి సందేహమే వద్దు, నీలాగా ఆగి చదివేవాళ్ళ కోసమే వాటిని పెట్టారు. వాటిని స్టోల్పర్‌స్టైన్ అంటారు, గుంటెర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు 1992లో మొదలుపెట్టాడు, ఇప్పటికి యూరప్ అంతటా లక్షకు పైగా పెట్టారు. ముందు బెర్లిన్ స్టోల్పర్‌స్టైన్ల వెబ్‌సైట్‌లో నీ వీధి పేరు కొట్టు, ఆ కుటుంబం కథ ఎవరో ఇప్పటికే రాసి ఉండొచ్చు. లేకపోతే జర్మనీ జాతీయ ఆర్కైవ్ వాళ్ళ స్మృతి గ్రంథం, ఆరోల్సెన్ ఆర్కైవ్స్, యాద్ వషేమ్, ఈ మూడూ ఇంట్లో కూర్చునే చూడొచ్చు. ఆరోల్సెన్‌లో నాజీల కాలపు బాధితుల గురించి కోట్ల కాగితాలు ఉన్నాయి.

పలక మీద ఆడమనిషి పేరు తర్వాత గెబ్ అని చిన్నగా ఉంటే దాని పక్కనున్నది పుట్టింటి పేరు. వెతకడానికి అది చాలా విలువైనది. ప్రష్యాలో 1874 అక్టోబర్ నుంచి, జర్మనీ అంతటా 1876 నుంచి పుట్టుక, పెళ్ళి, చావు అన్నీ ప్రభుత్వ ఆఫీసులో నమోదయ్యాయి. పుట్టుకలు 110 ఏళ్ళు, పెళ్ళిళ్ళు 80, మరణాలు 30 ఏళ్ళు దాటితే ఎవరైనా చూడొచ్చు. పుట్టుక కాగితం చూస్తే అంచున తర్వాత రాసిన ఒక వాక్యం కనబడొచ్చు, మగవాళ్ళకు ఇజ్రాయెల్ అని, ఆడవాళ్ళకు సారా అని అదనపు పేరు చేర్చినట్టు. 1938 ఆగస్టులో నాజీ ప్రభుత్వం చేసిన ఆదేశం అది, 1939 జనవరి 1 నుంచి, ప్రభుత్వం ఒప్పుకున్న యూదు పేర్ల జాబితాలో తమ పేరు లేని యూదులందరూ ఆ పేరు మోయాల్సి వచ్చింది. వాటిని చూసి ఆమె పేరు సారా అని రాసుకోకు, అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. దాని కింద యుద్ధం తర్వాత ఆ పేరు రద్దు చేసినట్టు ఇంకో వాక్యం కూడా చాలా కాగితాల్లో ఉంటుంది.

బెర్లిన్ యూదుల కుటుంబాలు చాలావరకు పోజెన్, సైలీషియా నుంచి వచ్చినవి, ఆ ప్రాంతాలు ఇప్పుడు పోలండ్‌లో ఉన్నాయి. వెనక్కి వెళ్ళే కొద్దీ నువ్వు పోలండ్ ఆర్కైవ్‌ల దగ్గరికే చేరతావు. కొన్ని ఊళ్ళ యూదు రిజిస్టర్ల అసలు పుస్తకాలు పోయాయి, నాజీల వంశ పరిశోధన ఆఫీసు తీయించిన ఫిల్ములే మిగిలాయి. ఎవరు యూదులో తేల్చి వేటాడడానికి తీసిన ఫిల్ములు అవి. ఇప్పుడు వాటితోనే వాళ్ళ మనవలు, ముని మనవలు తమ పెద్దల పేర్లు వెతుక్కుంటున్నారు.

ఒక చోటికి మాత్రం స్వయంగా వెళ్ళు. బెర్లిన్ నుంచి తీసుకెళ్ళే ముందు ప్రతి కుటుంబం చేత ఆస్తి వివరాల ఫారం నింపించేవాళ్ళు, ఆస్తి మొత్తం ప్రభుత్వం లాక్కోవడానికి. ఆ ఫైళ్ళు పోట్స్‌డామ్‌లో బ్రాండెన్‌బర్గ్ రాష్ట్ర ఆర్కైవ్‌లో ఉన్నాయి, నువ్వున్న చోటి నుంచి లోకల్ రైలు దూరమే. ఎన్ని కుర్చీలు, ఎన్ని దుప్పట్లు, ఎన్ని చొక్కాలు అని పేజీలకు పేజీలు, చివర సంతకం. గదికి అద్దె ఎంత, ఎవరు ఎవరితో కలిసి ఉండేవాళ్ళు, అన్నీ అందులో ఉంటాయి. వెళ్ళే ముందు ఈమెయిల్ చేసి పేరు, పుట్టిన తేదీ ఇచ్చి ఫైలు ఉందో లేదో అడుగు. జర్మన్ తెలిసిన స్నేహితుణ్ణి తీసుకెళ్ళు. ఒంటరిగా చదవడం కష్టం, ఇది చేతిరాతలు అర్థం కాకపోవడం గురించి చెప్తున్న మాట కాదు.

ఏటా నవంబర్ 9న చాలామంది ఆ పలకలను తుడిచి దీపం పెడతారు. నీకు మనసుంటే నువ్వూ చేయొచ్చు.

ప్రశ్న: మాది కనిగిరి. మా స్నేహితురాలికి సాయం చేస్తూ పోలండ్ ఊరి స్కాన్ ఒకటి సంపాదించాను, ఒక్క ముక్క అర్థం కావడం లేదు. రష్యన్‌లా ఉంది. పోలండ్‌లో రష్యన్ ఏమిటి?

జవాబు: మీ స్కాన్ 1868 తర్వాతిదై ఉంటుంది. అప్పుడు పోలండ్ నడిబొడ్డు రష్యా చక్రవర్తి కింద ఉంది. నెపోలియన్ కాలంలో మొదలైన పద్ధతి ప్రకారం రిజిస్టర్లు 1868 దాకా పోలిష్‌లో, తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం దాకా రష్యన్‌లో రాశారు. అది గళ్ళ పట్టిక కాదు, ఒక పేరా. ఫలానా ఊళ్ళో ఫలానా రోజు ఫలానా వాడు, వయసు ఇంత, వృత్తి ఇది, ఇద్దరు సాక్షులతో వచ్చి, భార్య ఫలానా ఆమెకు బిడ్డ పుట్టిందని చెప్పాడు అని ప్రతి పేరాలో ఒకే వరుస. అందుకే భాష రాకపోయినా పేర్లు ఎక్కడుంటాయో తెలిస్తే పట్టుకోవచ్చు. ముందు రష్యన్ చేతిరాత అక్షరాలు నేర్చుకోండి, అచ్చు అక్షరాలు కాదు. తేదీలు రెండు కనబడితే భయపడకండి, ఒకటి రష్యా పాత క్యాలెండర్‌ది, రెండోది మనం వాడేది. 19వ శతాబ్దంలో రెండిటికీ తేడా 12 రోజులు. చార్టులో రెండోదే రాయండి. పుట్టిన రోజుకీ నమోదు చేసిన రోజుకీ ఏళ్ళ తేడా ఉండడం కూడా మామూలే, ఏ ఏటి రిజిస్టర్ చూస్తున్నారో దానిలో దొరక్కపోతే తర్వాతి ఏళ్ళు కూడా తిరగేయండి.

ప్రశ్న: డీఎన్ఏ టెస్ట్ చేయిస్తే ఈ తిప్పలన్నీ తప్పవా? – ఒక పాఠకుడు, ఆత్మకూరు

జవాబు: తప్పవు. తూర్పు యూరప్ యూదులు వందల ఏళ్ళు తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, అందుకని టెస్ట్ చేయిస్తే వేలమంది నాలుగో తరం, ఐదో తరం చుట్టాలని చూపిస్తుంది. అసలు చుట్టరికం దానికంటే చాలా దూరం ఉంటుంది, ఒక్కొక్కరితో నాలుగైదు దారుల్లో కలుస్తుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్న మన కుటుంబాల్లో కూడా ఇదే చిక్కు. చాలా పెద్ద ముక్కలు కలిసిన మ్యాచ్‌లు మాత్రమే చూడండి. వాళ్ళకు మెసేజ్ పెట్టేటప్పుడు ఇంటిపేరు ఒక్కటే అడిగి ఊరుకోకుండా, మీ వాళ్ళది ఏ ఊరు, ముత్తాత తండ్రి పేరు ఏమిటి అని అడగండి.